చెల్లెలి ఊరి ఓట్లు

"ఆ ఊరికి మాత్రం నన్ను పంపకండి... మీకు దణ్ణం పెడతానండీ!" కుంకుమ భరిణ బల్ల మీద పెట్టేసి బావురుమంది బాలాత్రిపురసుందరి.

ఆమె భర్త శివరామయ్య ఒకప్పుడు ఎమ్మెల్యే. ఆ తర్వాత రెండుసార్లు ఓడిపోయారు. ఓడితే మాత్రం ఆ పిచ్చి వదిలితేనా! ప్రతి ఎన్నికకీ ఏలూరు నుంచి బయల్దేరి, ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి బొట్టు పెట్టి ఓటడిగేది ఈ ఇల్లాలే. ఈసారి ఆయన చూపు కొల్లేటి లంకలో ఉన్న మరదలు లక్ష్మీప్రసన్న ఊరి మీద పడింది.

ఏ మొహం పెట్టుకుని వెళుతుంది తల్లీ! పదవిలో ఉండగా ఆ ఊరికి వంతెన వేయిస్తానని కొబ్బరికాయ కొట్టి వచ్చిన మనిషి మళ్ళీ అటు తొంగి చూస్తే ఒట్టు! కిందటేడు వరదలో ప్రసన్న భర్తకి గుండెనొప్పి వచ్చింది. పడవ ఒడ్డు చేరేలోగానే ప్రాణం పోయింది. ఆనాటి నుంచీ ప్రసన్న అక్కతో మాట్లాడటం లేదు.

"నీ చెల్లెలు ఊఁ అంటే ఊరంతా మనదే సుందరీ! ఈ ఒక్కసారికీ నా పరువు కాపాడు..." అని శివరామయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కట్టుకున్నవాడు అలా ఏడుస్తుంటే ఏ ఆడది తట్టుకోగలదు? గుండె రాయి చేసుకుని వెళ్ళింది.

ఆ ఊళ్ళో ఒక్క ఆడమనిషీ బొట్టు పెట్టించుకోడానికి ముందుకు రాలేదు. అందరూ ప్రసన్న గుమ్మం వైపే చూస్తున్నారు. ప్రసన్న బయటికొచ్చింది. ఆ బోసి నుదురు చూడగానే సుందరి కుంకుమ భరిణని కొంగు చాటున దాచేసుకుంది!

"పెట్టించుకోండమ్మా... మా అక్క ఎండన పడి వచ్చింది. ఓట్లు మా బావగారికే వేయండి" అంది ప్రసన్న. తర్వాత అక్క దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "అమ్మ పోయాక నువ్వే అన్నం కలిపి పెట్టి నన్ను పెంచావక్కా... ఆ రుణం ఇవాళ్టితో తీరిపోయింది. ఇంక నా గడప తొక్కకు."

"అంత మాట అనకే తల్లీ!" అని సుందరి చేతులు చాచేలోగానే తలుపు మూసుకుంది.

ప్రసన్న ఊరు మాట తప్పలేదు. అక్కడి ఓట్లు ఇంచుమించు అన్నీ శివరామయ్యకే పడ్డాయి. మిగతా ఊళ్ళన్నీ ముంచేశాయి. ఆయన మళ్ళీ ఓడిపోయారు.

"చూశావా సుందరీ, మీ ప్రసన్న ఊరు మనల్ని వదల్లేదు! వచ్చేసారి ప్రచారం అక్కణ్ణుంచే మొదలుపెడదాం..." అన్నారు ఆ సాయంత్రం, ఇంకా ఆశ చావక.

సుందరి కళ్ళలో నీళ్ళు కూడా రాలేదు. ఆయన ముందు కంచం పెట్టి, అన్నం వడ్డించింది.

"వచ్చేసారికి నాకు చెల్లెలు లేదండీ" అంది.