మూడుసార్లు పిలిచిన పేరు

మాసిడోనియా కొండల్లో ఆ ఏడు మంచు ముందే పడింది. బెర్రో పెరట్లో తొమ్మిది రోజుల క్రితం కట్టిన సమాధి ఖాళీది. తొమ్మిదేళ్ళ కిందట అలెగ్జాండరు సేన వెంట తూర్పుకు వెళ్ళిన ఆమె కొడుకు దెర్దాస్, ఆక్సస్ నది అవతల పోయాడన్న కబురే వచ్చింది కాని, ఎముకలు రాలేదు. ఆచారం తప్పకుండా ఆమె అతని చిన్ననాటి చొక్కాను పాతిపెట్టి, ఆత్మ ఇల్లు చేరేందుకు ముమ్మారు పేరు పెట్టి పిలిచింది.

సంజవేళ కోడలు అదేయా కట్టెలు దించుతూ అంది. "రాజుగారు ఇంకో పట్నం గెలిచారట అత్తయ్యా. ఊళ్ళో తేనె రొట్టెలు పంచుతున్నారు."

"మన వాటా మనకు ముందే ముట్టిందిలే."

అప్పుడు తలుపు చప్పుడైంది.

"అమ్మా... దెర్దాస్‌ని. నీకొచ్చిన కబురు అబద్ధం."

అదేయా అత్త చేయి పట్టుకుంది. "తీయకు. మనం పిలిచాం కదా... ఆ ఆత్మే వచ్చింది."

కర్మ జరిగినవాడు తిరిగివస్తే గుమ్మం దాటరాదు. కప్పు మీదుగా దిగి, నీళ్ళు పోయించుకుని, పొత్తిళ్ళలో పసివాడిలా ఏడ్చి మళ్ళీ పుట్టాలి. ఏడ్చినవాడే బతికినవాడు. బెర్రోకు కావలసింది ఆ ఏడుపొక్కటే.

"నిచ్చెనెక్కి రా నాన్నా," అంది.

దిగాడు. అదే ముఖం. ఒంటి నిండా తడిమట్టి వాసన. ఎన్ని వేడినీళ్ళు పోసినా ఆ ఒళ్ళు వెచ్చబడలేదు. కాళ్ళు కడుగుతున్న అదేయా చేయి ఆగిపోయింది.

"అత్తయ్యా... ఈయనకు ఎడమకాలి చిటికెనవేలు లేదు కదా. చిన్నప్పుడే మంచుకు పోయింది కదా..."

ఐదు వేళ్ళూ ఉన్నాయి.

"కొత్తగా పుట్టే బిడ్డకు వేళ్ళన్నీ ఉండవూ?" అంది బెర్రో.

పొత్తిళ్ళలో చుట్టి, తల ఒళ్ళో పెట్టుకుంది. "ఏడవరా నాన్నా. ఒక్కసారి."

అతడు నవ్వుతూ చూస్తున్నాడు. రెప్ప వేయలేదు...

మళ్ళీ తలుపు చప్పుడైంది.

"అమ్మా... నేనే. నడిచి నడిచి వచ్చాను. లోపల ఎవరితో మాట్లాడుతున్నావు?"

బెర్రో లేవబోయింది. పొత్తిళ్ళలోంచి ఒక చల్లని చేయి ఆమె వేలిని పట్టుకుంది, అచ్చం పసివాడు పట్టుకున్నట్టు. తొమ్మిదేళ్ళుగా ఆ పట్టు కోసమే ఆమె బతికింది. లేవలేకపోయింది.



"సరేలే అమ్మా," అంది బయటి గొంతు.

తెల్లవారుతుండగా పట్టు సడలింది. బెర్రో పరుగున వెళ్ళి తలుపు తీసింది. మంచులో వట్టికాళ్ళ జాడలు. ఎడమ పాదానికి నాలుగే వేళ్ళు. గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడి, వెనుదిరిగి, సమాధి దాకా వెళ్ళి... అక్కడితో ఆగిపోయాయి.

అప్పుడు వినబడింది పసిబిడ్డ ఏడుపు.

ఇంట్లోంచి కాదు.