ఎండపూట అత్తరు

మధ్యాహ్నం గంట కొట్టగానే మిల్లరు ఆగిపోయేది. పొద్దుటినుంచి సిమెంటూ కంకరా ఇసకా తిప్పుతూ రొద పెట్టిన యంత్రం అలా ఆగితే, కాసేపు లోకమంతా చెవిటిదైపోయినట్టుండేది. రేకుల పాక నీడలో ఆడకూలీలం వరసగా కూలబడి అంబలి డబ్బాలు తీసేవాళ్లం. అక్కడ మమ్మల్ని రేజాలు అనేవారు. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లం కొందరం, చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ పల్లెల నుంచి నడిచి వచ్చేవాళ్లు కొందరు. భిలాయి ఉక్కు కార్ఖానా ఇంకా లేస్తున్న రోజులు. ఈ రోజు ఆ పొగగొట్టాలకేసి చూసి గొప్పలు చెప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాటి కింది మట్టి ఎవరి నెత్తిమీద వెళ్లిందో అడిగినవాడు ఒక్కడూ లేడు.

మాలో అందరికంటే చిన్నది చిన్నమ్మలు. తల్లి కోటమ్మ పిన్ని కూడా మాతోనే తట్ట మోసేది. చిన్నమ్మలుకి పని అలుపు తెలియదు, నోటికి అదుపు తెలియదు. ఆ వేసవిలో పక్కనున్న దుర్గు పట్నం నుంచి ఒక సాయిబు సైకిలు మీద చెక్కపెట్టె కట్టుకుని వచ్చేవాడు. పెట్టె నిండా వేలెడంత అత్తరు సీసాలు. పిల్ల ఒక్కొక్కటే వాసన చూస్తుంటే ఆయన ఓపిగ్గా చెప్పేవాడు.

"అది హీనా. చలికాలానికి, మగవాళ్లకి. ఇది తీసుకో బేటీ, మోగ్రా. మీ మల్లెపువ్వే. ఆడపిల్లలది. రాత్రి పూసుకుంటే నిద్రపోతుంది. ఎండ తగలాలి దీనికి. ఎండ ముదిరేకొద్దీ విచ్చుకుంటుంది."

చిన్నమ్మలు కొన్నది. రోజూ ఒక చుక్క దూదికి అద్ది చెవి మడతలో పెట్టుకునేది.

"సిమెంటు మోసీదానికి అత్తరేటే?" అన్నాన్నేను.

"సిమెంటు ఆల్ది అప్పా. సెవి నాది," అంది. అక్కని మా వైపు అప్ప అంటాం.

నడుముకి పువ్వు చెక్కిన బెల్టు బిళ్లతో తిరిగే మా మేస్త్రీ బంగార్రాజు కూడా ఊరుకోలేదు. "ఏటి చిన్నమ్మలూ, పెళ్లికెల్తన్నావా, పనికొచ్చినావా?"

"పనికే మేస్త్రీ. నువ్వు పక్కనుంచి ఎల్తే కంపు తట్టుకోలేక ఎట్టుకున్నాను."

పాకలో ఉన్న ఆడవాళ్లందరం కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం గంట కొట్టాక చిన్నమ్మలుని ఒక్కదాన్నే ఆపాడు. చెక్కలతో మనిషి మునిగేంత పెట్టెలా అచ్చు కట్టి, అందులో పునాది దిమ్మ పోస్తున్నాం. మిల్లరు పక్కన కలిపి మిగిలిపోయిన సిమెంటు మాలు కుప్పగా ఉంది. "అది గట్టిపడిపోద్ది. పోసీసి తిను," అన్నాడు. మేము పాకలోకి వెళ్లిపోయాం. తిరిగి వచ్చేసరికి దిమ్మ నిండిపోయి, పైన చదును చేసి ఉంది. మేస్త్రీ స్వయంగా పార పట్టుకుని ఉన్నాడు. ఆయన చేతిలో పార మేమెన్నడూ చూడలేదు. చిన్నమ్మలు లేదు.

"లారీ డ్రైవరుతో లేసిపోనాది," అన్నాడు. "పట్టపగలు అత్తరు ఎవుడికోసం రాసిందనుకున్నారు?"

అందరూ నమ్మేశారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అక్కడే. ఒక పిల్ల మాయమైతే ఎక్కడికెళ్లిందని వెతకలేదు, వాసన గుర్తు చేసుకుని తీర్పు చెప్పేశారు. గుడిసెల్లో మగవాళ్లు కోటమ్మ పిన్నిని చూసి ఉమ్మేవారు. ఆవిడ తల ఎత్తడం మానేసింది. నేను మాత్రం నమ్మలేదు. పాకలో చిన్నమ్మలు అంబలి డబ్బా మూత తియ్యకుండా అలాగే ఉంది. లేచిపోయే పిల్లయినా అంత ఆకలితో పోదు.

దిమ్మకి చెక్కలు విప్పిన మర్నాడు వచ్చింది ఆ వాసన.

మండుటెండ. వడగాలికి సిమెంటు దుమ్ము లేచి పళ్ల మధ్య కరకరలాడుతోంది. తారు పొగ, డీజిలు, మా చెమట. వీటన్నిటి మధ్యలోంచి మల్లెపువ్వు. అప్పుడే తడిపి మూట విప్పినంత తాజాగా.

"మహమహావత్ హే దీదీ," అంది దులారీ. మా పక్కన కూర్చునే ఛత్తీస్‌గఢీ పిల్ల. ఎంత కమ్మగా ఉందో అని నవ్వుతూ అంది. నా ముఖం చూసి నవ్వు ఆపేసింది.

సూర్యుడికి చిన్న మబ్బు అడ్డం వచ్చింది. వాసన పోయింది. మబ్బు తొలిగింది. మళ్లీ గుప్పుమంది, ముందుకంటే ఎక్కువగా.

లేచి దాని వెంట నడిచాను. మిల్లరు దాటాను. కంకర గుట్ట దాటాను. దిమ్మ దగ్గరికి వెళ్లేసరికి ఆ వాసన గొంతులో అడ్డం పడేంత చిక్కగా ఉంది. చెయ్యి ఆనిస్తే బొబ్బలెక్కే వేడి. కానీ ఒక్కచోట... నా గుండె ఎత్తున... చల్లగా ఉంది. జ్వరం దిగిన నుదురులా చెమ్మగా ఉంది.

చెవి ఆనించాను.

ఏమీ లేదు.

తర్వాత... చాలా లోపలినుంచి... నీరసంగా...

"అప్పా... తట్ట దించుమీ..."

భయం వెయ్యలేదని చెప్పను. కానీ బతికున్న బంగార్రాజుకి భయపడి ఎన్నో దినాలు తలొంచుకున్నాను. ఇప్పుడు చచ్చిపోయిన చిన్నమ్మలుకి కూడా భయపడి పారిపోవాలా? ఆ పిల్ల నాకేం చేసింది? నెత్తిమీద బరువున్న మనిషి తనంతట తాను దించుకోలేదు. ఎదటివాళ్లు చెయ్యి వెయ్యాలి. అదే కదా అడుగుతోంది.

మేస్త్రీకి సంగతి తెలిసింది. మర్నాడు దిమ్మ మీద మరిగే తారు పోయించాడు. ఆ దరిదాపులకి వెళ్లినవాళ్లకి పని ఉండదని అరిచాడు. తారు కంపు పాకదాకా కమ్మేసింది. మధ్యాహ్నం గంట కొట్టింది. ఎండ నడినెత్తికి వచ్చింది. నల్లటి తారు మెరుస్తూ కరిగింది... దానిలోంచి మల్లెలు.

కోటమ్మ పిన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. ఆవిడ చాలాసేపు నిలబడి పీల్చింది.

"నా గుంట వాసనే, నా కూతుర్దే," అంది గుసగుసగా. "ఎక్కడికీ ఎల్నేదే నూకమ్మా. ఇక్కడే ఉన్నాది."

తిరిగి వచ్చి కంకర కొట్టే సుత్తి తీసుకుంది. నేనొకటి తీసుకున్నాను. దులారీ ఒకటి. వెనక్కి తిరిగి చూడలేదు గాని, రాళ్ల మీద నడిచే అడుగుల చప్పుడు బట్టి తెలిసింది, పాకలో ఎవరూ మిగల్లేదని.

మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. "దెయ్యాన్ని లేపుతారా? పనులు పోతాయ్! ఒక్కదానికీ పనుండదు!"

అంతవరకూ ఆయన్ని బాబూ అనే పిలిచాను. "పోనీరా," అన్నాను. "నీ పని నువ్వే సేసుకో."

మొదటి దెబ్బ కోటమ్మ పిన్నిదే. సిమెంటు తగ్గించి ఇసక కలిపిన దిమ్మ అది, కలిపినవాళ్లం మేమే. పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కంకర కొట్టుకు బతికే చేతులకి అది ఏపాటి! ముందు ఇనప తట్ట అంచు కనిపించింది. తర్వాత దాన్ని రెండు వైపులా పట్టుకున్న వేళ్లు. చిన్నమ్మలు నిలబడే ఉంది, నెత్తిమీద తట్టతో. ముఖం ఎలా ఉందో నేను చెప్పను, అది మీరు వినాల్సింది కాదు. కుళ్లు వాసన మాత్రం లేదు. మల్లెలే. ఒకవైపు పిన్ని, ఇంకోవైపు నేను పట్టుకుని ఆ తట్ట దించాం. దించిన క్షణాన వాసన ఆగిపోయింది, దీపం ఊదినట్టు.

తర్వాత పోలీసులొచ్చారు, పెద్దపెద్ద ఆఫీసర్లొచ్చారు. నా పని పోయింది, ఇంకోచోట దొరికింది. చిన్నమ్మలు లేచిపోయిందన్న మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు. నాకు కావలసింది అదే. కానీ పోలీసులు రాకముందు, ఆ ఎండలో, మేమందరం ఇంకొకటి చూశాం.

చిన్నమ్మలు ఎదుట దిమ్మలో ఒక ఖాళీ ఉంది. ఎక్కడా అతుకు లేదు, పగులు లేదు. మనిషి అచ్చు. ఆమెకంటే పొడవు, భుజాలు వెడల్పు. చేతులు రెండూ ఆమెని తోస్తున్నట్టు ముందుకి చాపి ఉన్నాయి. లోపలి గోడ మీద చొక్కా మడతలు పడ్డాయి. నడుము దగ్గర బెల్టు బిళ్ల గుర్తు, దాని మీది పువ్వుతో సహా.

అందరం ఒక్కసారే తిరిగి బంగార్రాజు నడుముకేసి చూశాం. ఆయన చెయ్యి బిళ్లని కప్పుకుంది.

"మూసీండి," అన్నాడు. "దాన్ని... మూసీండి..."

ఎవరూ కదల్లేదు. నేను ఆ ఖాళీలోకి వేలు పెట్టాను. ఇన్ని రోజుల ఎండకి గట్టిపడిపోయిన దిమ్మ. లోపల నా వేలు దిగిపోయింది. మెత్తగా, చల్లగా... ఇప్పుడే పోసినట్టు.

బంగార్రాజు ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ అచ్చు అడుగున ఉన్న పాదం గుర్తులోకి నీళ్లు ఊరాయి. అప్పుడే ఎవరో కాలు పైకి తీసినట్టు.