పసుపు హెల్మెట్, ముప్పై ఒక్కసార్లు

కారు మీద తడి దుప్పటి ఆరేసినందుకు ఆ ఇంట్లో పొద్దున్నే గొడవ మొదలైంది.

"రంగు పోతుంది. నీకెన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు తండ్రి.

"ఏడాదిన్నరగా అది కదలడం చూడలేదండీ. దండెం అనుకున్నాను," అంది తల్లి, దుప్పటి రెండో అంచు కూడా సరిచేస్తూ.

ఆయన బీమా ఆఫీసులో రిటైరై వీధి సంఘానికి కార్యదర్శి అయ్యాడు. ఇంటి ముందు నీడలో కారు, కారు పక్కన కార్యదర్శిగారి కుర్చీ. ఇప్పుడు మునిసిపాలిటీ వాళ్లు సరిగ్గా ఆ నీడలోంచే సైకిల్ లేన్ వేస్తామని నోటీసు అంటించారు. ఈ వీధిలో సైకిల్ తొక్కే నాథుడెవరని ఆయన ఇంటింటికీ వెళ్లి అడిగాడు. లెక్కతో సహా నిరూపిస్తానన్నాడు. లెక్కపెట్టే పని కూతురికి అప్పగించాడు. అదీ ఆదివారం, ఆ రోజు ఎవరూ బయటికి రారనే ధీమాతో.

కూతురిది లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేసే ఉద్యోగం. ఏది రాసినా పూర్తిగా రాస్తుంది. తండ్రి ఆ సంగతి మర్చిపోయాడు.

ఆదివారం పొద్దున ఆరింటికి గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. కాసేపటికి మొదటి సైకిలు వచ్చింది. పసుపు హెల్మెట్. వీధి మలుపులో కొత్తగా క్లినిక్ పెట్టిన పళ్ల డాక్టరు.

"ఏం రాస్తున్నారండీ?"

"మిమ్మల్నే. సైకిల్ నంబర్ ఒకటి."

"ఎవరి కోసం?"

"లేన్ వద్దనేవాళ్ల కోసం."

అతను వెళ్లాడు. ఏడు నిమిషాల్లో తిరిగొచ్చాడు. పేపర్‌కి వెళ్లానన్నాడు. తర్వాత బ్రెడ్‌కి. ఆ తర్వాత బ్రెడ్ మర్చిపోయినందుకు. పదకొండోసారికి సాకులు అయిపోయి ఊరికే బెల్ కొట్టాడు. ఆమె తలెత్తకుండా రాసుకుంది. ఎత్తితే నవ్వొచ్చేలా ఉంది.

వాన మొదలైంది. గొడుగు ఆమెకుంది, అతనికి లేదు. అయినా తిరుగుతూనే ఉన్నాడు. ఇరవై తొమ్మిదోసారి ఆమే ఆపింది.

"నాతో దొంగ లెక్క రాయిస్తున్నారు. లేన్ కోసమేగా ఈ చక్కర్లు?"

"మొదటి రెండు చక్కర్లూ లేన్ కోసమే," అన్నాడతను. హెల్మెట్ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

ఆమె పెన్సిల్ ఆగిపోయింది. ఆ జవాబు రాసుకోవడానికి కాగితంలో గడి లేదు.

పన్నెండింటికి మొత్తం నలభై ఐదు తేలింది. ఆ అంకె ఒక్కటీ రాసి ఊరుకుంటే లేన్ వస్తుంది. ఉన్నదున్నట్టు రాస్తే లేన్ పోతుంది, అతను వీధిలో నవ్వులపాలవుతాడు. ఆమె ఉన్నదున్నట్టే రాసింది.

సాయంత్రం వాళ్లింటి ముందే జరిగిన వీధి సంఘం మీటింగ్‌లో తండ్రి కాగితం గట్టిగా చదివాడు. నలభై ఐదులో పసుపు హెల్మెట్ ఒక్కటే ముప్పై ఒకటి. అందరూ గొల్లుమన్నారు. ఎందుకు తిరిగాడని ఎవరూ అడగలేదు. తండ్రికి తప్ప అందరికీ అర్థమైంది. పళ్ల డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"రెండో పేజీ కూడా ఉంది నాన్నా," అంది కూతురు. ఆయన తిప్పకపోతే తనే చదివింది. "అదే ఆరు గంటల్లో వీధిలో నిలబెట్టిన కార్లు పదకొండు. కదిలినవి రెండు. మనది కదల్లేదు."

ఆయనకు పౌరుషం వచ్చింది. తాళాలు తెచ్చి కారెక్కాడు. అది ఒకసారి దగ్గి ఊరుకుంది. వీధి వీధంతా వినోదం చూస్తుంటే, వెనక నుంచి తోసింది ఒక్కడే. అద్దంలో ఆయనకు పసుపు హెల్మెట్ కనబడింది. ఇరవై అడుగులు కదిలి కారు ఆగిపోయింది. కూతురు పెన్సిల్ తీసి రెండుని మూడుగా దిద్దింది.

లేన్‌కి చేతులెత్తమంటే సగానికి పైగా లేచాయి. కారులో కూర్చున్న ఆయన చెయ్యి లేచిందో లేదో ఎవరూ చూడలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఆయన మీటింగ్‌లో లాగా గొంతు సవరించుకున్నాడు.

"కారు అమ్మేస్తున్నాను."

"మరి నా దుప్పట్లు?" అంది తల్లి.

ఆయన విననట్టు కూతురి వైపు తిరిగాడు. "ఆ పళ్ల డాక్టర్ని వచ్చే ఆదివారం భోజనానికి రమ్మను. ఒక్కసారి వస్తే చాలని చెప్పు."