నులితీగల సాక్ష్యం

ఉదయం ఏడున్నరకి ఇన్‌స్పెక్టర్‌కి తమ్ముడి ఫోన్ వచ్చింది.

"అక్కా, కొంప మునిగింది! వైరస్‌ని తట్టుకునే నా బఠానీ మొక్కల్ని ఎవరో రాత్రికి రాత్రి ఎత్తుకుపోయి, వాటి చోట మామూలువి పెట్టారు!"

తమ్ముడు విత్తనాల లాబ్‌లో సైంటిస్టు. ఆవిడ పరుగున వెళ్లింది. గ్రీన్‌హౌస్‌లో మొక్కలు వైరస్ పరీక్షని తట్టుకోలేక ఆకులు ముడుచుకుని వేలాడుతున్నాయి. మధ్యమధ్య ఏవో కొన్ని మాత్రం పచ్చగా ఉన్నాయి.

"తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గర, టెక్నీషియన్ దగ్గర."

ఎంత పోలీసైనా అక్క అక్కే కదా! ఇక వెనకాముందూ చూడలేదు. టెక్నీషియన్‌ని అందరి ముందూ నిలబెట్టి, ఆమె బ్యాగ్ బోర్లించింది. టిఫిన్ డబ్బా, దువ్వెన, చంటిబిడ్డ మందు సీసా నేలమీద దొర్లాయి.

"ఎవరికి అమ్మావ్?"

"నేను తియ్యలేదు మేడమ్."

"నాటకాలొద్దు!"

డైరెక్టర్ అక్కడికక్కడే ఆమెని రేపట్నుంచి రావద్దన్నాడు.

ఫొటో తీద్దామని ఇన్‌స్పెక్టర్ ఒక కుండీ ఎత్తబోయింది. రాలేదు. మొక్క నులితీగలు పాకడానికి కట్టిన వల దారాలకి మెలికలు తిరిగి, ఎండి బిగుసుకుపోయాయి. ఇంకోటి లాగింది. అదీ అంతే.

రాత్రికి రాత్రి తెచ్చిపెట్టిన మొక్కలు ఇలా అల్లుకుంటాయా?

ఆవిడ తమ్ముణ్ణి పక్కకి లాక్కెళ్లింది.

"వైరస్‌ని తట్టుకునే గుణం ఏ మొక్కకి ఉందో ఎలా టెస్ట్ చేస్తార్రా?"

"ప్రతి మొక్క ఆకులోంచీ పంచ్‌తో చిన్న బిళ్ల తీసి, డీఎన్ఏ చూస్తాం."

"మరి ఒక్క ఆకుకీ చిల్లు లేదేం?"

తమ్ముడి మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"మేలు రకాన్నీ మామూలు రకాన్నీ సంకరం చేశానక్కా. వాటి మనవల్లో నాలుగో వంతుకే ఆ గుణం వస్తుంది. టెస్ట్ చేసి ఏరాలి. తొందరలో ఏరకుండానే అన్నీ పాసయ్యాయని చెప్పేశాను. ఇప్పుడిలా పడిపోయేసరికి..."

"దొంగతనం అల్లావు."

"పరువు పోతుందక్కా. ఎవరికీ చెప్పకు."

"మరి ఆ పిల్ల పరువో?"

అందరినీ పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడకి భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. నేలమీద కూర్చుని, దొర్లినవి ఒక్కొక్కటే ఏరి టెక్నీషియన్ చేతికిచ్చింది.

"తప్పు నాదమ్మా. క్షమించు."

టెక్నీషియన్ కళ్లు తుడుచుకోలేదు.

"ఒక్కటి చెప్పండి మేడమ్. తాళం ఇద్దరి దగ్గరా ఉంది కదా. నా బ్యాగే ఎందుకు బోర్లించారు?"

ఇన్‌స్పెక్టర్ తలెత్తలేకపోయింది.

"వాడు నా తమ్ముడమ్మా," అంది.