పేరు పెట్టి చెప్పని పని

పొద్దున్నే పెరుగు దగ్గర మొదలైంది గొడవ.

ముంత మీది మూత తీసి చూసిన సోమక్క మొహం మాడ్చుకుంది. నిన్నటి పాలు పాలలాగే ఉన్నాయి. వాసన మాత్రం పాడైంది.

"తోడెవలు ఎయ్యలే?"

"మీరేసిండ్రనుకున్న అత్తమ్మా," అంది కోడలు అనసూయ.

"కోడలు ఇంట్ల ఉండంగ నేనెందుకేస్త?"

"పొయ్యికాడ మీరే ఉంటిరి గదా."

"ఉంటె? పొయ్యికాడ ఉన్నోళ్లంత తోడేస్తరా?"

ముందుగదిలో చాయ్ కోసం కూర్చున్న ఆజం పకపకా నవ్వాడు. "ఆమె నువ్వేస్తవని, నువ్వు ఆమేస్తదని. గిప్పుడు ఆ పాలు ఎవల మీద కేసెయ్యాలె అమ్మా?"

"నోర్ముయ్ రా! నీకు చాయ్ లేదు పో," అంది సోమక్క. అంటూనే గ్లాసు అందించింది. అందులో చక్కెర ఎక్కువే వేసింది.

చూసేవాళ్లకు అది వరంగల్ బజారులో ఒక బట్టల వ్యాపారి ఇల్లు. ఇంటిపెద్ద వీరభద్రం. ఆయన కొడుకు భాస్కర్ సర్కారుకు ఎదురు తిరిగినందుకు జైల్లో ఉన్నాడు. భాస్కర్ చిన్ననాటి దోస్తు ఆజం, లారీ డ్రైవర్. మట్టెవాడలో తల్లి బడేబీతో ఉంటాడు. కానీ ఆ ఇంటి హార్మోనియంలో స్వరాల రేకులు లేవు. వాటి చోట వైర్‌లెస్ సెట్ ఉంది. సరిహద్దు అవతల బెజవాడలో దాని పిలుపు కోసం చెవులు రిక్కించుకొని ఉన్నవాళ్లకు వీరభద్రం పేరు 'మాస్టర్'. ఆ సెట్ మీద వేళ్లాడించే మనిషి 'ఏజెంట్ నీలం'. ఆ ఏజెంట్ అనసూయే. జైలుకు పోయే ముందు భాస్కర్ భార్యకు మోర్స్ కోడ్ నేర్పాడు. ఆమె అతనికంటే వేగంగా కొడుతుందని ఒప్పుకోవడానికి మాత్రం అతనికి చాలా రోజులు పట్టింది.

అది 1948, వానాకాలం. సంస్థానం మీద యుద్ధం రేపో మాపో అన్నట్టుంది. విదేశీ విమానాలు దొంగచాటుగా తుపాకులు దింపిపోతున్నాయి. ఆ తుపాకులు ఎవరి చేతికి పోతున్నాయో, పల్లెల్లో ఎవరి గుండెలకు గురిపెడుతున్నాయో అందరికీ తెలుసు.

ఆ ఇంటికి ఒక పద్ధతి ఉండేది. వీరభద్రం కోడలితో నేరుగా మాట్లాడడు. కోడలు మామ ఎదుటికి రాదు. ఆయన చెప్పదలచుకున్నది దూలానికో గోడకో చెబుతాడు. తలుపు వెనక నిలబడి ఆమె వింటుంది. ఆజంకు కూడా ఆయన పని పురమాయించలేడు. కొడుకు స్నేహితుడు, ఇంటికొచ్చిన అతిథి. వానికి "నువ్వు ఇది చెయ్యి" అని ఎలా చెబుతారు? అందుకే ఆ ఇంట్లో ఆపరేషన్ ఏదైనా గాలిలోకే చెప్పేవాడు. ఇన్నాళ్లూ అది ఎలాగో నడిచింది.

చాయ్ గ్లాసులు ఇంకా ఖాళీ కాలేదు. వాకిట్లో అత్తరు వాసన గుప్పుమంది.

"జరీ బనారస్ ఉన్నదా, సేఠ్?" బురఖాలోంచి ఒక కంఠం.

"కాశీ నుంచి రావాలె," అన్నాడు వీరభద్రం.

కోడ్ వర్డ్ కలిసింది. ఆమె నఖాబు పైకెత్తింది. షహజాదీ. హనుమకొండ బంగళాలో దిగిన కోల్మన్ అనే విదేశీ ఆయుధ వ్యాపారి దగ్గర ఇంగ్లీషు టైపిస్టు. ఊరి సంగతులు మోసుకొచ్చే తన గూఢచారి అని కోల్మన్ ఆమెను నమ్మాడు. ఆమె తమ గూఢచారి అని వీరభద్రం నమ్మాడు. నిజంగా ఆమె ఎవరి మనిషో అనసూయకు తెలిసింది ఒకే ఒక్కసారి. పల్లెలో తగలబడిన ఇళ్ల గురించి చెబుతున్నప్పుడు షహజాదీ ఒక్కో ఇంటివాళ్ల పేరూ మరవకుండా వేళ్ల మీద లెక్కపెట్టడం అనసూయ తలుపు సందులోంచి చూసింది.

"చాచా, ఇయ్యాల్నే. పొద్దు గూకకముందు వస్తాంది విమానం. వర్ధన్నపేట తొవ్వల గట్టి మొరం నేల మీద దిగుతది. మీ దుకాణంల కొన్న తెల్ల లాంగ్‌క్లాత్ అక్కడ అడ్డం నిలువు పరిచి మేకులు కొట్టిండ్రు. పైలట్‌కు అదే సిగ్నల్. వైర్‌లెస్ ఏం లేదు."

"పరిచింది నేనే," అన్నాడు ఆజం. "కోల్మన్ విమానాలకు పెట్రోల్ పోసే లారీ తోలేది నేనే గదా. మన దుకాణం గుడ్డ మీద మన దుష్మన్ దిగుతాండు బాపు."

వీరభద్రం కళ్లు మూసుకున్నాడు. తెరిచి దూలంకేసి చూశాడు.

"మొరం పక్కనే నల్లరేగడి చేను. నాలుగొద్దులు వాన కొట్టింది. పైకి ఆరినట్టే కొడ్తది, లోపలంత బురద. అక్కడ ఇంకో గుడ్డ పరిస్తె విమానం దిగుతది. మల్ల లేవది." గోడ వైపు తిరిగాడు. "రేగడి సంగతి ఇంట్లోళ్లు చూస్తరు. మొరం మీది గుడ్డ, విమానం సప్పుడు ఇనవడంగనే తియ్యాలె. ముందు తీస్తె కావలోళ్లు మల్ల పరుస్తరు. ఎనక తీస్తె విమానం దిగుతది. గంతే."

ఇంట్లోళ్లంటే తానేనని అనసూయకు తెలుసు. మరి మొరం మీది గుడ్డ?

ఆజం తలూపాడు. షహజాదీ తలూపింది. ఎవరు, అనే మాట అనసూయ గొంతుదాకా వచ్చింది. మామ ఎదుట కోడలు గొంతు వినపడకూడదు. తలుపు మీద వేలితో కొట్టి అత్తను పిలుద్దామనుకుంది. సోమక్క దొడ్లో ఉంది. అంతలో షహజాదీ నఖాబు దించుకుంది. ఆజం లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"వదినా, పోతాన. మా అమ్మ అడిగితె నర్సంపేటకు కిరాయి పోయిండని చెప్పుండ్రి. జర ఫికర్ చేస్తది ముసల్ది."

ఆ మాట మింగేసి అనసూయ వేషం వేసుకోవడానికి లోపలికి పోయింది.

మధ్యాహ్నం దాటాక రేగడి చేన్లో ఒక చాకలామె మూట దించింది. గోచీకట్టు చీర, మోకాళ్లదాకా బురద, నోట్లో ఆకు. కావలివాడొకడు గట్టు మీంచి కేకేశాడు.

"ఏయ్, ఎవలే నువ్వు? ఇక్కడేం పని?"

"నాలుగొద్దులకు ఎండ మొకం చూస్తిమి దొరా. దుప్పట్లు ఎండేసుకోవద్దా? తడి దుప్పట్లు కప్పుకుంటే నీకు దగ్గు రాదా?"

"నాకెందుకొస్తది? జల్ది ఎండేసుకొని పో."

"ఎండేటప్పుడు ఎండుతయ్. నేను ఉరుకుమంటె ఉరుకుతయా?"

కావలివాడు నవ్వి పోయాడు. అనసూయ తెల్లగుడ్డలు పరిచింది. అడ్డంగా ఒకటి, నిలువుగా రెండు. పాదం మోపిన చోటల్లా నేల మడమను పట్టుకొని వదలడం లేదు. మంచిదే అనుకుంది. వంగి తుమ్మచెట్టు చాటుకు జరిగింది.

అక్కణ్ణుంచి అంతా కనబడుతోంది. మొరం నేల మీద అదే ఆకారంలో తెల్లగుడ్డ. పక్కన పెట్రోల్ లారీ, స్టీరింగ్ ముందు ఆజం. కాస్త దూరంలో జీపు, అందులో కోల్మన్, పక్కన షహజాదీ. తుపాకులు పట్టుకున్న కావలివాళ్లు.

పడమటి దిక్కున సన్నని రొద వినపడింది.

గుడ్డ కదలలేదు.

అనసూయ ఆజం వైపు చూసింది. ఆజం జీపు వైపు చూస్తున్నాడు. గాలి మారిందనో, గుడ్డ వంకరగా ఉందనో కోల్మన్‌కు ఒక అబద్ధం చెప్పి షహజాదీ దాన్ని తీయిస్తుందని అతని లెక్క. షహజాదీ లారీ వైపు చూస్తోంది. మేకులు కొట్టినవాడే మేకులు పీకుతాడని ఆమె లెక్క. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తున్నారు. ఎంతో మర్యాదగా, ఎంతో నమ్మకంగా.

రొద పెరిగింది. విమానం మబ్బు కిందికి వచ్చి ఒక చుట్టు తిరిగింది. కింద రెండు తెల్లగుర్తులు చూసి పైలట్ తికమకపడి ఉంటాడు. కోల్మన్ జీపులో లేచి నిలబడ్డాడు. అతని తల రేగడి వైపు తిరుగుతోంది.

అనసూయ చెట్టు చాటునుంచి బయటికి అడుగేసింది. కానీ మధ్యలో అంత పొలం. ఆమె కాళ్లు బురదలో ఉన్నాయి.

అప్పుడు లారీ తలుపు తెరుచుకుంది. ఆజం దిగాడు. పరుగెత్తలేదు. బీడీ కోసం దిగినవాడిలా నడిచి, వంగి, ఒక్కో మేకూ పీకాడు. గుడ్డ కొస పట్టుకొని చుట్టడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు భాస్కర్‌తో కలిసి దుకాణంలో కూర్చొని తానులు చుట్టిన చేతులవి. మడత చెదరకుండా, నేలకు తగలకుండా చుట్టుకుంటూ పోయాడు. "అరే, రుకో!" అని కేక. ఆజం వినపడనట్టే ఉన్నాడు. ఇంకా కాస్త గుడ్డ మిగిలి ఉంది.

తుపాకీ పేలింది. ఆజం మోకాళ్ల మీద కూర్చున్నాడు. మిగిలిన గుడ్డ లాక్కొని ఒళ్లో పెట్టుకొని, దాని మీదికే ఒరిగాడు.

విమానం నేరుగా రేగడిలోని తెల్లగుర్తు మీదికి దిగింది. చక్రాలు నేలను తాకిన మరుక్షణం మాయమయ్యాయి. ముక్కు బురదలో గుచ్చుకుంది, తోక ఆకాశానికి లేచింది. పెట్రోల్ వాసన, ఆపైన మంట. పైలట్ కిటికీలోంచి దూకి పొలాలకడ్డం పడి పరుగు తీశాడు. పెట్టెల్లోని తూటాలు మంటలో వాటంతట అవే పేలుతుంటే కావలివాళ్లు చెల్లాచెదరయ్యారు. జీపు హనుమకొండ వైపు మళ్లింది. అందులో షహజాదీ ముఖం తిప్పలేదు. తిప్పితే కోల్మన్‌కు అనుమానం వస్తుంది, రేపటి పనికి ఆమె ఉండదు. జీపు మలుపు తిరిగేదాకా ఆమె వీపే అనసూయకు కనబడింది.

మంట తగ్గాక ఆజం శవాన్ని కావలివాళ్లే లారీలో వేసుకొని పోయారు. ఎక్కడికో తెలియలేదు. అనసూయ ఉతికే గుడ్డల మూటతో వరంగల్ బాట పట్టింది. దారిలో ఏడవలేదు. చాకలామె ఎందుకు ఏడుస్తోందని ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది. వెలగకపోతే పక్కింటివాళ్లకు అనుమానం. సోమక్క పప్పు వండింది. వీరభద్రం పీట మీద కూర్చున్నాడు. ఆకులో అన్నం పడింది. ఎవరూ తినలేదు.

"బెజవాడ నుంచి శాబాష్ అని వచ్చిందట గదా," అంది సోమక్క.

"ఆఁ."

"పొద్దుగాల బడేబీ వచ్చింది. నర్సంపేట నుంచి కొడుకు రాలేదేందని అడిగింది. రేపొస్తడన్న." సోమక్క గరిటెతో పప్పును ఊరికే తిప్పింది. "నా నోటితోని నేనే అన్న."

వీరభద్రం ఆకులోని అన్నాన్ని వేళ్లతో కదిపాడు. కొడుకు లేడని తెలిసి బడేబీ గుండెలు బాదుకుంటే వాడకట్టంతా వింటుంది. ఎవరో ఒకరు ఆరా తీస్తారు. ఇల్లు బయటపడుతుంది. బయటపడితే జైల్లో భాస్కర్ కూడా దక్కడు. ఇవన్నీ ఆయనకు తెలుసు. చివరికి తల పైకెత్తాడు.

"చెప్పాలె," అన్నాడు దూలంతో.

"చెప్పాలె," అంది సోమక్క పప్పు గిన్నెతో.

అంతే. ఇద్దరూ ఆగిపోయారు. తలుపు వెనక నిలబడి అనసూయ ఆ నిశ్శబ్దాన్ని గుర్తుపట్టింది. నిన్న మొరం నేల మీద ఇద్దరి మధ్య నిలబడింది ఇదే.

ఆమె గడప దాటి వచ్చింది. మామ ఎదురుగా నిలబడింది.

"మామయ్యా, నేను చెప్త. బడేబీకి నేనే చెప్త. ఆమె ఏడుస్తె పక్కన కూసుంట. ఎవలన్న అడిగితె జవాబు నాది. ఇంకెవలు పోవద్దు." తల దించుకోలేదు. "ఇగనుంచి ఈ ఇంట్ల పని చెప్తె పేరు పెట్టి చెప్పుండ్రి. మీరు చెప్పలేకపోతె నేను చెప్త."

సోమక్క చేతిలో గరిటె ఆగింది. కోడలు మామతో మాట్లాడింది. ఇల్లు కూలలేదు.

వీరభద్రం ఆమె కాళ్లకేసి చూశాడు. గోళ్ల సందుల్లో రేగడి ఇంకా పోలేదు.

"ఇంత తిని పో, అనసూయా," అన్నాడు.

ఆమె తినలేదు. కొంగు భుజం మీదికి లాక్కొని మట్టెవాడ దారి పట్టింది. ఆ ఇంట్లో ఒక పనికి పేరుతో సహా ఒకే మనిషి కుదరడం అదే మొదలు. వంతు కోసం ఎవరూ పోటీ పడలేదు.