దగ్గని మనిషి

మిరప కల్లంలో దగ్గనివాళ్ళు ఉండరు, వెంకటరావమ్మ తప్ప. దర్శి దగ్గర ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే అది. తొడిమలు తీసే కూలీలు మూతికి గుడ్డలు కట్టుకుని కూడా తుమ్ముతూ దగ్గుతూ అల్లాడుతుంటే, ఆవిడ రాశి పక్కనే కూర్చుని తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతూ వాళ్ళను చూసి నవ్వేది.

ఆ పొద్దున మనవరాలు తేజశ్రీ మళ్ళీ ఒళ్ళు వెచ్చబడి లేచింది. నాలుగేళ్ళ పిల్ల, కొన్నాళ్ళుగా అన్నం సయించక వాడిపోతోంది. వెంకటరావమ్మ ఎండుమిరపకాయలు తీసుకుని పిల్ల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టే. ఆవిడకు ఘాటు తగల్లేదు.

"చూశావా, ఎంత దిష్టి ఉందో" అంది కొడుకుతో. త్రినాథ్ అప్పటికే ఊపిరాడక కళ్ళు తుడుచుకుంటూ వాకిట్లోకి పరుగెత్తాడు.

ఇంట్లో కోడలు లేదు. మిరప కోతలప్పుడు జ్యోతిర్మయికి దగ్గు పట్టుకుంది. కల్లం దగ్గర దగ్గు మామూలేనని ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రాలు జ్వరం, ఒంటినిండా చెమటలు, చివరికి కళ్ళెలో నెత్తురు కనబడ్డాక పరీక్ష చేస్తే క్షయ అన్నారు. వెంకటరావమ్మ ఆ రోజే కోడలికి కంచం, గ్లాసు వేరు చేసింది. వారం తిరక్కుండా పొదిలిలో పుట్టింటికి సాగనంపింది. త్రినాథ్ తల్లికి ఎదురు చెప్పలేక బస్సుదాకా సంచి మోసుకెళ్ళాడు. మందులు పనిచేస్తున్నాయి, ఇక నా వల్ల ఎవరికీ అంటదని డాక్టర్లు చెప్పారు, పిల్లను చూడటానికి వస్తానని జ్యోతిర్మయి ఫోన్లో ఏడిస్తే, పిల్ల మీద ప్రేమ ఉన్నదానివైతే గడప తొక్కకని చెప్పి పెట్టేసింది ఆవిడ.

పిల్లను తన పక్కలోనే, గుండెలకు హత్తుకుని పడుకోబెట్టుకునేది. తన జాకెట్లు వదులైపోయాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. పిల్లను సాకడమంటే మాటలా అనుకుంది. దగ్గులేనిదానికి జబ్బేమిటి?

దిష్టి తీసినా జ్వరం తగ్గలేదు. పిల్లను గుంటూరు తీసుకెళ్ళి పెద్దాసుపత్రిలో చేర్చారు. పిల్లలు కళ్ళె ఉమ్మకుండా మింగేస్తారని కడుపులోకి గొట్టం వేసి నీళ్ళు తీసి పరీక్షకు పంపారు. ఫలితం చెప్పే రోజున జ్యోతిర్మయి పొదిలి నుంచి తొలి బస్సుకే వచ్చి, మాస్కు కట్టుకుని డాక్టరు గది తలుపు దగ్గరే నిలబడింది. పిల్లకూ క్షయేనని డాక్టర్ లిడియా చెప్పగానే వెంకటరావమ్మ తలుపు వైపు చెయ్యి చాపింది.

"అదిగోనండి, అంటించి పోయిన మహాతల్లి. నా మనవరాలిని పొట్టన పెట్టుకుంటది."

ఆ మాట నిజమేనని జ్యోతిర్మయి కూడా నమ్మింది కాబోలు, గోడకు చేరబడి అలాగే కిందికి కూర్చుండిపోయింది.

"ఆ అమ్మాయిని ఏమీ అనకండి" అంది లిడియా. "మిరపలో రకాలున్నట్టే ఈ క్రిమిలోనూ ఉన్నాయి. ఈమెకున్నది మామూలు మందులకు లొంగింది. పాపలో ఉన్నది మొండి రకం, ఆ మందుల్లో ముఖ్యమైనదానికే లొంగడం లేదు. అది తల్లి నుంచి వచ్చింది కాదు."

మరి ఎవరి నుంచని త్రినాథ్ అడిగాడు. లిడియా వెంకటరావమ్మ మెడ కింద పొడుచుకొచ్చిన ఎముకలను చూసి, ముందు ఈవిడకు ఎక్స్‌రే తీయించమంది.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి తూట్లు పడి కనిపించింది. ఆవిరి పట్టించి, బలవంతాన తీయించిన కళ్ళెలో అదే మొండి రకం బయటపడింది. ఒక్క దగ్గైనా లేదు కదండీ అని గొణిగింది వెంకటరావమ్మ. కొన్ని క్రిములు జొరబడగానే ఒళ్ళు తిరగబడుతుందని, ఆ దగ్గూ జ్వరమూ ఆ పోరాటమేనని లిడియా నిదానంగా చెప్పింది. కొన్ని అలికిడి లేకుండా చేరి, ఒంటిని లేవనివ్వకుండానే లోపల తినేస్తాయట. క్రిమి తీరొకటి, మనిషి తీరొకటి, రెండూ కలిస్తే ఇలా నివురుగప్పిన నిప్పే. దగ్గకపోయినా, మాట్లాడే ఊపిరిలోనే అంటుతుందట.

గురివింద గింజ తన నలుపెరగదంటారు. కోడలి కంచం వేరు చేసిన చేతులతోనే పిల్లను ముఖానికి ముఖం ఆనించి జోకొట్టింది తను. ఆ మాట తలకెక్కేసరికి వెంకటరావమ్మకు ఏడుపు కూడా రాలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ వసారాలో మంచం వేయించుకుంది. పాప లోపల, తిరిగొచ్చిన తల్లి దగ్గర ఉంది. మొండి రకానికిచ్చే ఘాటైన మందులు పడక రోజూ వాంతులు చేసుకుంటోంది. నాయనమ్మ కావాలని గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే, వెంకటరావమ్మ మాస్కు కట్టుకుని కల్లం వైపు తిరిగి కూర్చునేది.

ఒక మధ్యాహ్నం జ్యోతిర్మయి అన్నం తెచ్చేసరికి, ఆవిడ మంచం కింద నుంచి పాత కంచం ఒకటి ముందుకు జరిపింది. కోడలికని తను వేరు చేసిన కంచమే అది.

"ఇందులో వెయ్యమ్మా."

జ్యోతిర్మయి ఆ కంచాన్ని పక్కకు తోసి, ఇంట్లో అందరూ తినే కంచమే ఒళ్ళో పెట్టింది. "కంచాల వల్ల రాదత్తయ్యా. గాలి వల్ల వచ్చిద్ది. నాకూ అప్పుడు తెలీదు, మీకూ తెలీదు."

వెంకటరావమ్మ అన్నం కెలుకుతూ కూర్చుంది. కంచం మీద కన్నీళ్ళు పడుతున్నాయి. "ఎన్ని మాటలన్నానే నిన్ను. నువ్వు ఒక్క మాటా అనవేం? అను. తిట్టు. నా బంగారుతల్లిని నేనే..."

లోపల నుంచి పాప దగ్గు వినిపించింది. ఇద్దరూ అటు తిరిగి, అది ఆగేదాకా చూశారు.

"అనాల్సింది చాలానే ఉంది" అంది జ్యోతిర్మయి, మాత్రలు విప్పి అత్త అరచేతిలో పోస్తూ. "పాపకీ మీకూ నయమయ్యాక అంటాను. అప్పటిదాకా మీరుండాలి."

వెంకటరావమ్మ మాస్కు కిందికి లాగి, మాత్రలన్నీ ఒక్కసారే నోట్లో వేసుకుంది. నీళ్ళ గ్లాసు కోడలే పట్టుకుంది.