కాశమ్మ పొయ్యి మట్టి

ఏజెంట్ డానియేలును ఫలక్‌నుమా స్టేషన్ ముందు లారీతో గుద్దించి చంపారు. అతని సంచిలోని మట్టి శాంపిల్ మాయమైంది. డిపార్ట్‌మెంట్ యాక్సిడెంట్ అని రాసుకుని చేతులు దులుపుకుంది.

"ఇవాళ మధ్యాహ్నం పన్నెండు దాకే టైమ్," చీఫ్ కృపాకర్ అభిషేక్‌తో అన్నాడు. "విదేశీ ముఠా పాత బ్యాటరీలు దించి, ఇక్కడో బస్తీ వర్క్‌షాప్‌లో సీసం కరిగిస్తోంది. వర్క్‌షాప్ నేలంతా విషం. నిన్న దాని మీద మంచి ఎర్రమట్టి పరిచారు. ఇన్‌స్పెక్షన్ టీమ్ పైమట్టే తీస్తుంది, రూలు అంతే. క్లీన్ అని సంతకం పడితే ఆ బస్తీలో ఇంకో పది కొలుములు లేస్తాయి. పిల్లలున్న బస్తీ."

"కింది మట్టి తేవాలి. అంతేగా?"

"డానియేలూ అంతేగా అన్నాడు."

అభిషేక్ గ్యాస్ స్టవ్ మెకానిక్ వేషంలో దిగాడు. టూల్‌బాక్స్‌లో లోహాల్ని పట్టే స్కానర్ గన్ ఉంది. వర్క్‌షాప్ గేటు దగ్గర ముఠా మేనేజర్ స్వీటీ నిలబడింది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు. ముఠాకీ, డిపార్ట్‌మెంట్‌కీ రెండు వైపులా పనిచేసే మనిషి.

"బర్నర్ మంట నీలమేనా?" కోడ్ అడిగాడు.

"ఎర్రగొస్తుంది," బదులిచ్చి గొంతు తగ్గించింది. "లోపలికి పోకన్నా, నలుగురున్నరు. ఎర్రమట్టి పరవకముందే వెనకింటి కాశమ్మ ఈడికెళ్లి రెండు గంపల మట్టి తీస్కపోయింది. వీడియో తీసిన."

"డానియేలు రూటు వాళ్లకు చెప్పింది నువ్వేగా?"

"చెప్పిన. శాంపిల్ గుంజుకుంటరనుకున్న. మనిషిని చంపుతరనుకోలే."

అతనికి ఆమె మొహం చూడబుద్ధి కాలేదు. వీడియో మాత్రం ఫోన్‌లోకి తీసుకున్నాడు.

కాశమ్మ ఏటా బోనాలకు కొత్త పొయ్యి వేస్తుంది. అమ్మవారి బోనం గ్యాస్ మీద వండదు. వర్క్‌షాప్ మట్టి మెత్తగా ఉంటుందని ఈసారి అదే తెచ్చింది. పొయ్యి వాకిట్లో ఆరుతోంది. నాలుగేళ్ల మనవరాలు రూప దాని అంచు గిల్లుకుని చప్పరిస్తోంది. అభిషేక్ పొయ్యికి స్కానర్ గన్ పెట్టాడు. హద్దుకు పదిహేను రెట్ల సీసం.

"అమ్మా, ఈ పొయ్యి నాకు కావాలి."

"బోనం పొయ్యి అడుగుతవేంది? దిమాక్ ఖరాబైందా బిడ్డా?"

"పాప తినేది విషం."

కాశమ్మ రూప నోట్లో వేలు పెట్టి మట్టంతా తీసింది. తర్వాత తనే గడ్డపార తెచ్చి పొయ్యి పగలగొట్టింది.

ఇన్‌స్పెక్షన్ ఆఫీసర్ పెన్ను కాగితానికి ఆనుతుండగా పొయ్యి పెళ్ల, వీడియో టేబుల్ మీద పడ్డాయి. పన్నెండుకు వర్క్‌షాప్ సీల్ అయింది. ముఠా ఎయిర్‌పోర్ట్‌లో దొరికింది. స్వీటీనీ అదే జీపెక్కించారు.

వారానికి రూప బ్లడ్ రిపోర్ట్ వచ్చింది. ఒంట్లో చేరిన సీసం పూర్తిగా పోదని, చదువు మీద దెబ్బ పడొచ్చని డాక్టర్ చెప్పాడు.

"మందియ్యరా బిడ్డా?" కాశమ్మ అడిగింది.

అభిషేక్ ఆ సాయంత్రం ఫైల్ మీద 'మిషన్ సక్సెస్' అని రాశాడు. రూప గురించి రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.